ప్రూఫుల్లో పువ్వు గుర్తులు

ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకు ప్రూఫులు జహీరాబాద్ ప్రెస్సుకు వెళ్లిపోవాలి. గురువారం మధ్యాహ్నం మూడింటికి నీలమ్మ మొదటి కాగితం చేతిలోకి తీసుకుంది.

“మూడు దినాలు చాలు నీకు,” అన్నాడు సంగమేశ్వర్ సారు, వాలుకుర్చీలో వెనక్కి ఒరుగుతూ. “అచ్చుతప్పులు చూడు. ముందుమాట రాయి. నా గురించి మరీ ఎక్కువ రాయకు. నాలుగు పేజీలు చాలు.”

నీలమ్మ నవ్వు ఆపుకుంది. సారు హెడ్మాస్టరుగా రిటైరై ఏడేళ్లు. ఇప్పటికీ నారాయణఖేడ్ బజారులో ఆయన ఎదురైతే సైకిలు దిగనివాడు లేడు. 1965లో ఆయన పేరు మీద వచ్చిన ‘ఖేడ్ ఇసుర్రాయి పాటలు’ ఇన్నేళ్లకు రెండోసారి అచ్చవుతోంది. ఆడవాళ్లు జొన్నలు విసురుతూ పాడుకున్న నలభై ఒక్క పాటలు.

జానపద పాటలు సేకరించినవాళ్ల జీవితాల మీద నీలమ్మ హైదరాబాద్‌లో ఎంఫిల్ చేస్తోంది. ఆమె జాబితాలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఒక్కటీ ఆడపేరు కాదు. “ఆడవాళ్లు పాడతారు, మగవాళ్లు రాసుకుంటారు. అంతే కదమ్మా,” అన్నాడు ఆమె గైడు. సారుకు ఉత్తరం రాసి ఆమెను ఇక్కడికి పంపింది ఆయనే. ముందుమాట బాగా వస్తే కాలేజీ ఉద్యోగానికి ఓ మాట చెబుతానని కూడా అన్నాడు.

సారు భార్య చంద్రమ్మ రెండు గ్లాసుల చాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. “ముందుగాల తాగు బిడ్డా. కాయిదాలు ఎటు పోవు,” అని లోపలికి వెళ్లిపోయింది.

నీలమ్మ పాత పుస్తకాన్నీ కొత్త ప్రూఫులనూ పక్కపక్కన పెట్టుకుంది. మొదటి పాట దగ్గరే పెన్సిలు ఆగింది. పాత పుస్తకంలో పాట ఇలా ఉంది:

మంజీర ఇసుకల్ల మావోళ్ల బండీ ✽
మలుపు తిరిగే కాడ మాయమాయేనూ ✽

ప్రూఫులో పువ్వు గుర్తులు లేవు. వాటి చోట మాటలున్నాయి:

మంజీర ఇసుకల్ల మావోళ్ల బండీ, మనసార చూడగా,
మలుపు తిరిగే కాడ మాయమాయేనూ, అయ్యయ్యొ దైవమా!

“సారూ, పాతదాంట్లో ఈ గుర్తులేంది?”

“పోయిన మాటలు. పాడేటోళ్లు మర్చిపోయినయి కొన్ని, సరిగ్గ వినపడనివి కొన్ని. అప్పుడు జాగ ఇడిసిపెట్టినం. రిటైరైనంక కూసుండి అన్నీ నింపిన. ఏడు నెలలు పట్టింది,” అన్నాడు సారు. ఆ గొంతులో అబద్ధం లేదు. కష్టపడి పని చేసినవాడి తృప్తి ఉంది.

నీలమ్మ మనూరులో పుట్టింది. ఆమె అమ్మమ్మ జీవితంలో ‘మనసార’ అన్న మాట వాడి ఉండదు. ఆ సంగతి మాత్రం పైకి అనలేదు.

“ఈ పాట ఏ ఊరిది సారూ?”

“మనూరు దిక్కుదే. పేరు గీరు యాదికి లేదు. ఎవరో ఆడమనిషి.”

“రేపొకసారి పోయొస్త. పాడేవాళ్లు ఎవరన్న దొరికితే ముందుమాటలో రాయొచ్చు.”

“పో, పో. దొరికితే ఫోటో గూడ తీస్కో. శనివారం పొద్దటికి మాత్రం రావాలె.”

2

మనూరులో ఆ పాట ఎవరిదని అడిగితే మూడో ఇంట్లోనే చెప్పారు. రామవ్వ ఇంటి ముందు కొత్త కందులు ఆరబోసి ఉన్నాయి. అరవై అయిదేళ్ల మనిషి. వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుని పప్పు విసురుతోంది.

“పాటనా? పిండి గిర్ని వచ్చినంక పాటలెవలు అడుగుతుండ్రే? నువ్వు ఎవల బిడ్డవు?”

“మొగులప్ప మనుమరాలిని. పడమటి గల్లీ.”

“అట్ల చెప్పు! మీ తాత మా బావికాడ మోట కొట్టిండు. కూసో.”

నీలమ్మ నోటుబుక్కు తెరిచి, మంజీర పాట పాడమంది. రామవ్వ ఆమెను వింతగా చూసింది.

“ఒట్టిగ ఎట్ల పాడుత? చెయ్యి తిరగకుంటె నోరు తిరగది.”

కందులు పక్కకు తోసింది. లోపలి నుంచి చాటలో జొన్నలు తెచ్చుకుంది. రాయిని గుడ్డతో తుడిచి, పిడికట్టె పట్టుకుని రెండు చుట్లు ఒట్టిగా తిప్పి చూసుకుంది. అప్పుడు మొదలుపెట్టింది.

“మంజీర ఇసుకల్ల మావోళ్ల బండీ...”

గొంతు ఆగింది. కుడిచెయ్యి చాటలోకి పోయి పిడికెడు జొన్నలు తీసి రాయి నోట్లో పోసింది. రాయి సగం చుట్టు తిరిగింది. ఆ తర్వాతే రెండో చరణం లేచింది.

“మలుపు తిరిగే కాడ మాయమాయేనూ...”

మళ్లీ గొంతు ఆగింది. మళ్లీ పిడికెడు.

నీలమ్మ పాత పుస్తకం వైపు చూసింది. గొంతు ఆగిన ప్రతి చోటా పువ్వు గుర్తు ఉంది. పన్నెండు చరణాలు, పన్నెండు పువ్వులు, పన్నెండు పిడికెళ్లు. ఒక్కటీ తప్పలేదు. మాట ఏదీ పోలేదు. అక్కడ మాటే లేదు.

“అవ్వా, ఇప్పుడు ఇట్ల పాడి చూడు. ‘మావోళ్ల బండీ, మనసార చూడగా, మలుపు తిరిగే కాడ మాయమాయేనూ, అయ్యయ్యొ దైవమా.’”

రామవ్వ రెండుసార్లు పెదవుల మీదనే అనుకుంది. పిడి పట్టుకుని మొదలుపెట్టింది. ఊపిరికి సందు లేదు. గింజలు పోయడానికి చెయ్యి లేవలేదు. నాలుగో చుట్టుకు రాయికి రాయి రాసుకుని కిర్రుమంది. రామవ్వ పిడి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఎవడు రాసిండే గిది? వానింట్ల అందరు ఉపాసమే!”

“మరి ఈ పువ్వులు ఎవరేసిన్రు?”

“నాకు సదువు రాదు బిడ్డా. గని పువ్వులేసింది హన్నమ్మ. పిడికెడు పోసిన కాడ పువ్వేస్త అని చెప్పింది.”

“హన్నమ్మ ఎవరు?”

“టీచరమ్మ! కిరస్తానీలామె. నా ఎదురుంగ కూసుండి, నాతోపాటు పిడి వట్టి ఇసిరింది. గింజలు ఆమెనే పోసేది. పనిల కాయిదం తీయకపోయేది. పిండి ఎత్తినంక, నా పేరు, ఊరు, ఏం ఇసిరినమో అన్ని అడిగి రాసుకునేది.”

“సంగమేశ్వర్ సారు రాలేదా?”

“మొగోడు వస్తె పాడుతమా? నోరు మూస్కుంటం,” అంది రామవ్వ. “హన్నమ్మ ఖేడ్‌లనే ఉంటది. సచ్చిపోయిందంటే నాకు ఖబర్ రాకపోవునా?”

3

చర్చి వెనక వీధిలో హన్నమ్మ ఇల్లు కనుక్కునేసరికి పొద్దు వాలుతోంది. సన్నటి మనిషి, అరవై దాటింది. గడపలో వెలుతురుకు కూర్చుని పాత చీరల బొంత కుడుతోంది. నీలమ్మ చెప్పిందంతా సూది ఆపకుండా విన్నది.

“నేను రాసినయే,” అంది చివరికి. “ఇప్పుడు ఏందంట?”

“మీ పేరు లేదు టీచరమ్మా.”

“తెలుసు.”

“అడగలేదా?”

“ఎట్ల అడగాలె? ప్రెస్సోళ్లకు చూపిస్తనని మూడు బుక్కులు తీస్కపోయిండు. ఎన్నటికో పోయినయన్నడు. నాలుగేండ్లకు పుస్తకం వచ్చింది. అప్పుడు ఆయన నాకు హెడ్మాస్టరు. నాకు ముగ్గురు పిల్లలు, మా ఆయన లేకపాయె. అడిగి, ట్రాన్స్‌ఫర్ అయి, పిల్లలను సంకనేసుకుని నాగల్‌గిద్దకు పోదునా?”

పంటితో దారం తెంపి, సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. రెండోసారికి ఎక్కింది.

“ఒక పుస్తకం కొనుక్కున్న. నలభై ఒక్కటి చదివిన. పువ్వులన్ని ఉన్నయి. పాడేటోళ్ల పేర్లు తీసేసిండు, దానికి ఏడ్చిన. గని పాటలు సక్కగున్నయి. ఎవలన్న ఎప్పుడన్న ఇసురుకుంట పాడుకోవచ్చు. ఇగ నా పేరుతోని పనేముందని ఊకున్న.”

ఈమె ఇక కదలదని నీలమ్మకు అర్థమైంది. అయినా చెప్పాల్సింది ఒకటి మిగిలి ఉంది.

“కొత్త అచ్చులో పువ్వులు లేవు.”

సూది ఆగింది. “లేకుంటె ఏమున్నయి?”

నీలమ్మ సంచిలోంచి ప్రూఫు తీసి మంజీర పాట చదివింది. ఆ తర్వాత ఇంకో పాట. మూడో పాట సగంలో హన్నమ్మ చెయ్యి పైకెత్తి ఆపింది.

“నలభై ఒక్కటీ గిట్లనేనా?”

“అన్నీ. ఎల్లుండి పొద్దున ప్రెస్సుకు పోతయి.”

ఆ పుస్తకంలో హన్నమ్మ మిగిలి ఉన్నది ఆ గుర్తుల్లోనే అని నీలమ్మకు అప్పుడు తట్టింది. పేరు ఎప్పుడో పోయింది. ఇప్పుడు చెయ్యి కూడా పోతోంది.

“పేరు పోతే నా ఒక్కదానిదే పోయింది,” అంది హన్నమ్మ, బొంత మడత పెడుతూ. “గిట్ల చేస్తే వాళ్లందరి పాట పోతది. సారు పొద్దున ఎన్ని గంటలకు ఇంట్ల ఉంటడు?”

4

శనివారం పది గంటలకు హన్నమ్మ సారు ఇంటి మెట్ల కింద ఆగిపోయింది. చెప్పులు విడిచింది గానీ పైకి ఎక్కలేదు. రమ్మని ఎవరైనా అంటే తప్ప ఆ మెట్లు ఎక్కని అలవాటు ఆమెది, ముప్పై ఏళ్లది.

“హన్నమ్మ టీచరా! ఎన్ని దినాలకు!” సారు కుర్చీలోంచి లేవలేదు. “గా బల్ల మీద కూసో.”

ఆమె వాకిట్లో బల్ల మీద కూర్చుంది. నీలమ్మ నిలబడే చెప్పింది. మనూరు, రామవ్వ, పిడికెడు జొన్నలు, కిర్రుమన్న రాయి. సారు మొదట నవ్వాడు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడిచాడు.

“పెద్ద పెద్దోళ్లు చదివిన్రమ్మా ఈ పుస్తకం. ఒక్కడు గూడ గిట్ల అనలే. అందరు లోపమనే అన్నరు.”

“వాళ్లు ఇసిరిన్రా సారూ?” అంది హన్నమ్మ.

సారు ముఖం ఎర్రబడింది. నీలమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “చూడు బిడ్డా. నువ్వు చదువుకున్నదానివి. అట్ట మీద నా పేరు కింద నీ పేరు వేయిస్త. పరిష్కర్త అని. నీ గైడుకు గూడ నేనే రాస్త. ఉద్యోగానికి పనికొస్తది. గీ పువ్వుల లొల్లి ఎందుకు మనకు?”

అట్ట మీద పేరు. ఒక్క క్షణం ఆ అట్ట నీలమ్మకు కళ్ల ముందు కనిపించింది. హన్నమ్మ ఆమె వైపు చూడలేదు. ఎటు పోతావో పొమ్మన్నట్టు వీధిలోకి చూస్తోంది.

“నా జాబితాలో ముప్పై ఒక్క పేర్లున్నయి సారూ,” అంది నీలమ్మ. “ముప్పై రెండో పేరు దొరికింది. ముందుమాట ఆమె గురించే రాస్త. లేకుంటే రాయను.”

“సాక్ష్యమేది? ఆమె రాసిందనే బుక్కులు ఏవి? ఎప్పుడో పోయినయి!”

“ఏడ పోయినయి?”

ఆ మాట గడపలోంచి వచ్చింది. చంద్రమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

“అటక మీది ఇనుప పెట్టెల ఉన్నయి గద. ఏడాదికోపాలి నేనే దులుపుత. మూడు బుక్కులు. నీలం అట్టలు.”

“నువ్వు లోపలికి పో,” అన్నాడు సారు. ఆమె లోపలికి పోయింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. మళ్లీ వచ్చేసరికి ఆమె చేతిలో మూడు నోటుబుక్కులున్నాయి. వాటిని భర్తకు ఇవ్వలేదు, నీలమ్మకు ఇచ్చింది.

“గా పువ్వులు పిడికెళ్లే. నాకు ఎరుకే,” అంది.

“ఎరుకైతే ఏడు నెలలు నేను రాస్తుంటె చెప్పలేదేం?”

“నన్ను అడిగిన్రా?”

నీలమ్మ మొదటి బుక్కు తెరిచింది. నిలువుగా, పొందికగా ఉన్న బడిపంతులమ్మ దస్తూరి. ప్రతి పాటకు పైన ఒక వరస: ‘రామవ్వ, మనూరు. జొన్నలు. ఇద్దరం ఇసిరినం.’ ‘పోశమ్మ, బోరంచ. కందులు. ఆమెకు జ్వరం, నేనే ఎక్కువ ఇసిరిన.’ నిన్న తన నోటుబుక్కులో తను రాసుకున్నది ఆమెకు గుర్తొచ్చింది: ‘మనూరు, వృద్ధురాలు.’ సిగ్గేసింది. సంచిలోంచి తీసి, ఆ మాట కొట్టేసి రామవ్వ పేరు రాసింది.

“పైన రాసినయన్నీ మీరు చదవలేదా సారూ?”

“బడి గుమాస్తాతోని నకలు రాయించిన. పేర్లు ఊర్లు వద్దు, పాటలే రాయమన్న. పుస్తకానికి అవి ఎందుకని...”

నీలమ్మ పేజీలు తిప్పుతోంది. ఇరవై మూడో పాట దగ్గర ఆమె వేలు ఆగింది. ఆ పాట ఆమెకు నోటికి వచ్చు. ఆ పుస్తకంలో అందరికీ వచ్చేది అదే. సారు ప్రతి సభలోనూ అదే చదివి, “ఏ మారుమూల పల్లె ఇల్లాలి దుఃఖమో ఇది!” అని కళ్లు తుడుచుకుంటాడని ఆమె గైడు క్లాసులో చెప్పేవాడు.

ఆమె చదవలేదు. బుక్కు అలాగే తెరిచి సారు చేతిలో పెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పై వరస పైకి చదివాడు.

“చంద్రమ్మ. హెడ్మాస్టరు సారు ఇల్లు, ఖేడ్. జొన్నలు. ఇద్దరం ఇసిరినం. 1959, శ్రావణం.”

గొంతు అక్కడ ఆగిపోయింది. కింద పాట ఉంది.

దీపమెత్తిన గాని దించి చూడాడూ ✽
దినమంత పుస్తకం తీసి చూసేనూ ✽
అచ్చరాలకు ఉన్న అదురుష్టమమ్మా ✽
అరచేతి బొబ్బలకు లేకపాయేనూ ✽

సారు ఆ నాలుగు చరణాలనూ కొత్తగా చదువుతున్నవాడిలా వేలు పెట్టి చదివాడు. అవి ఆయనకు పాతికేళ్లుగా కంఠతా వచ్చు.

“ఇది నువ్వు పాడినవా?”

“అప్పుడు పాడిన.”

“నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్పాలె?” చంద్రమ్మ ద్వారబంధానికి ఆనుకుంది. “మీ అమ్మ బోరంచ జాతరకు పోయిన దినం హన్నమ్మను ఎనక దర్వాజ నుంచి లోపలికి రానిచ్చిన. ఎదురుంగ కూసోబెట్టుకుని ఇసిరిన. ఆమె చెయ్యి తాకిన పిండితోనే పొద్దుమీకి రొట్టెలు చేసిన. అందరు తిన్నరు. మీరు ఇంకో రొట్టె అడిగిన్రు. పాట ఎట్ల పుట్టిందో చెప్తే గదంత చెప్పాలె. మీ అమ్మ నన్ను ఇంట్ల ఉండనిస్తుండెనా?”

సారు బల్ల మీద కూర్చున్న హన్నమ్మ వైపు చూశాడు. ఆమె తలవంచుకుని ఉంది.

“టీచరా, నువ్వన్న చెప్పక పోతివి.”

“ఆమె పేరు చెప్పుడు నా పని కాదు సారూ. పైన రాసే ఉండె, మీరు చదివిన్రనుకున్న,” అంది హన్నమ్మ. తర్వాత లేచి మెట్ల దాకా వచ్చింది. “చంద్రమ్మా, పాడినప్పుడు నీ పేరు రాసుకోవాల్నా అని అడిగిన. అచ్చుల వెయ్యాల్నా అని అడగలే. ఇప్పుడు అడుగుతున్న.”

చంద్రమ్మ ఆలోచించింది. భర్త ముఖం చూసింది. ఆయన వద్దనలేదు, వద్దని అనేలా మాత్రం ఉన్నాడు.

“ఊరంత తెలుస్తది చంద్రా,” అన్నాడు మెల్లగా. “నా గురించే అని.”

“తెల్వనీయుండ్రి. ఇన్నేండ్లు సభలల్ల మీరే వినిపిచ్చిన్రు గద,” అంది చంద్రమ్మ. హన్నమ్మ వైపు తిరిగింది. “వెయ్యి. నాది వెయ్యి, అందరియి వెయ్యి. గాడ ఎందుకు నిలబడ్డవు? లోపలికి రా. ఎండ ఎక్కుతుంది.”

హన్నమ్మ ఒక్కో మెట్టే ఎక్కింది. ముందు గదిలో చాప పరిచి ముగ్గురు ఆడవాళ్లూ కూర్చున్నారు. సారు నింపిన మాటలను నీలమ్మ ఎర్రసిరాతో కొట్టేస్తూ పోయింది. అనుమానం వచ్చిన చోట చంద్రమ్మ ఒట్టి చెయ్యి తిప్పుతూ సన్నగా పాడింది. హన్నమ్మ చెయ్యి ఆగిన చోట పువ్వు వేసింది. ఆమె ప్రతి పాట నెత్తిన పాడినవాళ్ల పేర్లు రాస్తుంటే సారు బయట కుర్చీలో కూర్చుని వింటున్నాడు. పన్నెండో పాటకు కుర్చీ గడప దాకా జరిగింది. ఇరవయ్యో పాటకు ఆయన లోపలికి వచ్చి, బుక్కులోంచి పేర్లు, ఊర్లు చదివి చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై మూడో పాట దగ్గర ఆయన చదివిన పేరు హన్నమ్మకు వినబడలేదు. ఇంకోసారి చదవమంది. చదివాడు.

నాలుగు గంటలకు పని అయిపోయింది. మొదటి పేజీ ఒక్కటే మిగిలింది. దాని మీద పెద్ద అక్షరాల్లో ‘సేకరణ: సంగమేశ్వర్’ అని ఉంది. నీలమ్మ దాన్ని ముట్టుకోలేదు. చాప మధ్యలో పెట్టి ఊరుకుంది.

సారు చాలాసేపు ఆ కాగితాన్నే చూశాడు. తర్వాత జేబులోంచి తన పెన్ను తీసి, స్కేలు పెట్టి, తన పేరు మీద గీత గీశాడు. పక్కన ‘హన్నమ్మ’ అని రాశాడు. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన చెయ్యి. అక్షరాలు తిన్నగానే వచ్చాయి.

“మరి నా పేరు?” అన్నాడు. అడిగింది హన్నమ్మను. “ఎక్కడన్న ఉండాల్నా, వద్దా?”

ఆ ప్రశ్నకు న్యాయమైన జవాబు వెతుకుతున్నట్టు హన్నమ్మ కాగితం వైపు చూసింది.

“అందరికి రాసినట్టే రాస్కోండ్రి సారూ. పేరు, ఊరు, చేసిన పని.”

ఆయన పెన్ను కాగితం మీద పెట్టి ఆగాడు. మూడుసార్లు ఎత్తాడు, మూడుసార్లు దించాడు. చివరికి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో రాశాడు:

‘సంగమేశ్వర్, నారాయణఖేడ్. అచ్చు వేయించినాడు.’